కుడతిని యాత్రికులకు భద్రతా సూచనలు

విదేశీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖవారు, యుద్ధం నడుస్తున్న ఒకానొక దేశానికి వెళ్ళదలచిన భారత పౌరుల క్షేమం కోరి నాలుగు పుటల హెచ్చరిక జారీ చేశారు. నూట నలభై కోట్ల మందిని ఉద్దేశించి రాసిన ఆ పత్రాన్ని బళ్ళారి పక్కన మా కుడతినిలో మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివినవాడు ఒకే ఒక్కడు. ఆయన పేరు సాలొమోను. ఆయన చదవడంలో వింతేమీ లేదు. ఊరి శివార్లలో పేరు చెప్పనవసరం లేని ఒక ఇనుము కర్మాగారంలో, సేఫ్టీ సెక్షన్లో, ముప్పై ఒక్కేళ్ళపాటు హెచ్చరికలు రాసి పదవీ విరమణ చేసిన మనిషి ఆయన. వంట తెలిసినవాడు పెళ్ళిభోజనంలో సాంబారు రుచి చూసి తల పంకించినట్టు, ఎక్కడ ఎవరి హెచ్చరిక కనబడినా ఆగి, చదివి, బాగోగులు విచారించి గానీ కదలడు.

సాలొమోను రాసిన హెచ్చరికలను కార్మికులు ఎంతో ఆదరించేవారు. 'ఇచ్చట నిలువరాదు' అన్న బోర్డు సంగతే తీసుకోండి. కర్మాగారం ఆవరణలో చెట్టన్నది లేదు. ఆరడుగుల వెడల్పున్న ఆ బోర్డు నీడే అక్కడ ఏకైక నీడ. ఎండాకాలం మధ్యాహ్నాలు కనీసం పదిమంది దాని కింద నిలబడి, దాన్ని రాసినవాడిని దీవించేవారు. కర్మాగారం ముందు సంత రోడ్డు మీది 'వేగము తగ్గించుము' అన్న బోర్డును లారీలు మూడుసార్లు గుద్దేశాయి. మూడోసారి సాలొమోను దానికి ఇరవై అడుగుల ముందు ఇంకో బోర్డు పాతించాడు: 'ముందు బోర్డు కలదు, జాగ్రత్త.' నాలుగోసారి లారీ దాన్ని గుద్దింది.

ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య యూనీస్ పీట మీద పీట వేసుకుని అటక మీది డబ్బాలు తీసే మనిషి. అలా ఎక్కకూడదని సాలొమోను ఎర్రక్షరాలతో ఒక కాగితం రాసి పై పీటకు అంటించాడు. అది జారుతోందని ఆమె చించి పారేసింది. తర్వాత పీట జారింది. అప్పటినుంచి ఆమె కుడి మోకాలు వాన రాకను ముందే చెబుతుంది. ఒక్కసారి, కనీసం ఒక్కసారి, తాను రాసిన హెచ్చరికను తన భార్య నమ్మితే చూడాలని సాలొమోను కోరిక. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళయినా తీరలేదు.

ఇప్పుడు ఆ యూనీసే, హెచ్చరికలో చెప్పిన ఆ దేశానికే, ప్రయాణం కట్టింది.

దీనికి కారణం తెలియాలంటే మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. మిషన్ కాలం నుంచీ ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పరిశుద్ధ దేశం చూసి వచ్చినవారి పేరుకు ముందు 'యెరూషలేము యాత్రికులు' అన్న బిరుదు చేరుతుంది. శుభలేఖలో వేస్తారు, గేటు పలక మీద వేస్తారు, కాలం తీరాక సమాధి రాతి మీద కూడా వేస్తారు. యూనీస్ వదిన జ్ఞానకుమారి ఆరేళ్ళ కిందటే వెళ్ళి వచ్చింది. పోయిన వేసవిలో బంధువుల పెళ్ళి శుభలేఖలో ఆమె పేరు రెండు వరుసలు పట్టింది. యూనీస్ పేరు అర వరుసలో అయిపోయింది. ఆ శుభలేఖను యూనీస్ ఇంకా పారేయలేదు.

యాత్ర ఏర్పాటు చేసినవాడు ఇంద్రసేన. సిరిగేరి దగ్గర వరి మాగాణి ఉన్న పాత కుటుంబం. మొదట లారీలు తిప్పాడు, తర్వాత బస్సులు, ఇప్పుడు యాత్రలు. కాశీ అయినా అజ్మీరైనా యెరూషలేమైనా, దేవుడు ఎవరన్నది భక్తుల ఇష్టమనీ బస్సు మాత్రం తనదై ఉండాలనీ అనుకునే విశాల హృదయుడు. పంతొమ్మిదిమంది పేర్లు ఇచ్చారు. పేర్లు ఇచ్చిన పదో రోజున హెచ్చరిక వచ్చింది.

అది ఇంగ్లీషులోనూ హిందీలోనూ వచ్చింది. తర్వాత కన్నడంలోనూ వస్తుందన్నారు. తెలుగులో రాదు. మేము తెలుగువాళ్ళమని బెంగళూరులో అంటారు, కన్నడ రాష్ట్రంవాళ్ళమని అనంతపురంలో అంటారు. ఆ కారణంగా ప్రమాదాలు మాకు రెండువైపుల నుంచీ వస్తాయి గానీ హెచ్చరికలు ఏ వైపు నుంచీ రావు. ఈ లోటును పూరించడానికి సాలొమోను మూడు రోజులు కూర్చుని పత్రాన్ని తెలుగు చేశాడు. ఆదివారం ఆరాధన ముగిశాక, పాదిరిగారి అనుమతితో, సంఘం ముందు నిలబడి చదివాడు.

అత్యవసరమైతే తప్ప ప్రయాణం మానుకోవలెను. వెళ్ళినవారు బస చేసిన చోటికి దగ్గరలో ఉన్న రక్షణ గది ఎక్కడో ముందే తెలుసుకొని ఉండవలెను. సైరన్ మోగిన ఒకటిన్నర నిమిషంలోగా అందులోకి చేరవలెను, చెప్పువరకు బయటికి రాకూడదు. మంచినీళ్ళు నిలువ ఉంచుకోవలెను. టార్చిలైటు దగ్గర పెట్టుకోవలెను.

మంచినీళ్ళ దగ్గర సంఘంలో చిన్న నవ్వు పుట్టింది, ఎందుకంటే కుళాయి రాని రోజులకోసం బిందెలు నింపిపెట్టడం ఇక్కడ నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. టార్చిలైటు దగ్గర అది పెద్దదయింది. కరెంటు మా పక్కనే థర్మల్ కేంద్రంలో పుట్టి, మా నెత్తి మీది తీగల్లోంచే ఎక్కడికో పోతుంది. పోతూ పోతూ అప్పుడప్పుడు మమ్మల్ని పలకరిస్తుంది. అందువల్ల టార్చి లేని ఇల్లు ఈ ఊళ్ళో లేదు.

చదవడం అయ్యాక, క్రేను నడిపి రిటైరైన యేసుబాబు లేచి ఒక సందేహం అడిగాడు.

"అన్నా, ఇది మనకేనా, లేకుంటే మామూలోళ్ళకా?"

"అందరికీనప్పా."

"అందరికీ అంటే సరే. మనకేమో అనుకొని గాబరా పడితి," అని యేసుబాబు తృప్తిగా కూర్చున్నాడు.

ఆ తర్వాత ఇంద్రసేన మైకు అందుకున్నాడు. ఆయన సంఘ సభ్యుడు కాడు గానీ మైకు ఉన్న చోట ఆయనకు సభ్యత్వం అడిగేవారు లేరు.

"పెద్దలకు, అక్కచెల్లెండ్లకు నమస్కారాలు. ప్రభుత్వం వారు మన మీద చూపించిన ప్రేమకు మనం కృతజ్ఞులం. ఆ దేశంలో దుమ్ముంటుందంట, పొగుంటుందంట, పెద్ద చప్పుడుంటుందంట. కుడతిని వాళ్ళకి దుమ్ము చెప్తారా? పొగ చెప్తారా? మనం పుట్టిండేదే దాంట్లో. నేనడిగేది ఒక్కటే. హెచ్చరిక ఇయ్యాల్సింది మనకా? మనోళ్ళు వస్తాండారని ఆ దేశానికి ఇయ్యల్ల."

చప్పట్లు చాలాసేపు మోగాయి. సభ ముగిసేసరికి యాత్రకు ఇంకో ఐదుగురు పేర్లిచ్చారు. విమానంలో చోటు లేక వారిని మరుసటి జాబితాలో వేశారు.

ఇంటికి పోయాక సాలొమోను భార్యను వేరుగా కూర్చోబెట్టి, పత్రాన్ని మళ్ళీ చదివాడు. యూనీస్ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొత్తం విన్నది.

"అత్యవసరమైతే తప్ప పోవద్దని గదా రాసిండేది? నాకు అరవై రెండేండ్లు. మోకాలు చెప్పిన మాట వినడంల్యా. ఇంగెప్పుడు పోవల్ల?"

"ఆడ బాంబులు పడ్తాండాయి యూనీసూ."

"ఈడ లారీలు పోవడంల్యా? మొన్న సంత కాడ ఎగిరిపడిన పిల్లోడికి తగిలింది బాంబా?"

ఆ రోడ్డు మీద 'వేగము తగ్గించుము' అని రాసింది సాలొమోనే. నువ్వు పోతే నేను ఎట్లా బతికేది అని అడగాలనుకున్నాడు. ముప్పై ఒక్కేళ్ళు 'వలెను', 'రాదు', 'కూడదు' అని రాసిన చేతికీ నోటికీ ఆ మాట ఎలా అనాలో తెలియలేదు. పక్క గదిలోకి పోయి, యాత్ర జాబితాలో తన పేరు కూడా వేయమని ఇంద్రసేనకు ఫోన్ చేశాడు. కూతురి కాన్పుకు కడప వైపు పోతున్నానని ఒకామె తప్పుకోవడంతో చోటు దొరికింది. ఇంద్రసేన ఆయనను ఉచితంగానే 'యాత్రా భద్రతాధికారి'గా నియమించి, కరపత్రంలో వేయించాడు.

భద్రతాధికారి మొదట చేయవలసిన పని మాక్ డ్రిల్. ఇక్కడే మా ఊరి విశిష్టత ఒకటి బయటపడింది.

కుడతినిలో సైరన్ అంటే పన్నెండున్నర. కర్మాగారం సైరన్ మోగగానే ఊరు ఊరంతా క్యారేజీ మూతలు తీస్తుంది. కర్మాగారంలో పనిచేసినవారే కాదు, దాని ముఖం చూడనివారు కూడా. ఏడాదికోసారి భద్రతా దినం నాడు పొద్దున పదకొండుకు ఇంకో సైరన్ మోగేది. ఆ డ్రిల్ తేదీ, వేళ పది రోజుల ముందే నోటీసు బోర్డులో పెట్టేవారు. కార్మికులు వరసగా నిలబడి, ప్రమాణం చేసి, బ్యాడ్జీ పెట్టించుకుని, ఉప్పిట్టు అని మేము పిలిచే ఉప్మా తినేవారు. ముప్పై ఒక్కేళ్ళలో సైరన్ మోగి తిండి దొరకని రోజు ఒక్కటి లేదు. ఈ విజయం సేఫ్టీ సెక్షన్‌దే.

కాబట్టి చర్చి ఆవరణలో, ఆదివారం పొద్దున పదిగంటలకు, సాలొమోను తన ఫోన్లోని సైరన్ను లౌడ్‌స్పీకరుకు తగిలించి మోగించినప్పుడు, యాత్రికులంతా ఒక్క పెట్టున నేల మీద కూర్చున్నారు. యేసుబాబు క్యారేజీ తెచ్చుకునే వచ్చాడు. మొదటి కూత ముగిసేలోపు పప్పు కలిపేశాడు. యూనీస్ అటూ ఇటూ చూసి, తన సంచిలోంచి అరటిపండు తీసింది.

"పరిగెత్తల్ల," అన్నాడు సాలొమోను. "చర్చి వెనకాల సామాన్ల గదిలోకి పరిగెత్తల్ల. అదే మన రక్షణ గది అనుకోండి."

"ఆకలయితాంటే పరిగెత్తేది ఎట్లప్పా?" అన్నది యూనీస్.

రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం పాదిరిగారు కూడా కూర్చున్నారు. డ్రిల్ రిజిస్టరులో 'రక్షణ గదికి చేరుటకు పట్టిన సమయము' అన్న గడిలో సాలొమోను మూడుసార్లు 'చేరలేదు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. భార్య ఆ పరాయి ఊళ్ళో, నెత్తి మీద సైరన్ మోగుతుండగా, నడివీధిలో కూర్చుని అరటిపండు ఒలుస్తున్నట్టు కళ్ళకు కట్టింది.

నాలుగో ఆదివారం ఆయనకు జ్ఞానోదయమైంది. సామాన్ల గదిలో క్రిస్మస్ నక్షత్రాల మధ్య ఒక బల్ల వేయించి, దాని మీద వేడివేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టించాడు. వాసన వచ్చేలా తలుపు కొంచెం తెరిచి ఉంచాడు. సైరన్ మోగించాడు. యాత్రికుల ముక్కుపుటాలు కదిలాయి. తర్వాత జరిగినదాన్ని చూసినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. పాస్‌పోర్టులో అరవై పైబడినట్టు రాసి ఉన్న పదిహేడుమంది, వారితో పాటు పాదిరిగారు, ముప్పై ఐదు సెకన్లలో గదిలో ఉన్నారు. యూనీస్ మోకాలిని ఏ డాక్టరూ నడిపించనంత వేగంగా నడిపించి నలభై రెండు సెకన్లలో చేరింది. ప్రభుత్వం ఇచ్చిన గడువులో సగం కూడా అయిపోలేదు.

మా జనం ప్రాణం కోసం పరుగెత్తరు, బజ్జీ కోసం పరుగెత్తుతారు అన్న సంగతి సాలొమోనుకు ఉద్యోగంలో ఉండగానే తెలిసి ఉంటే ఎన్ని బోర్డులు మిగిలేవో. ప్రయాణం దాకా రోజూ డ్రిల్ పెట్టాడు. అందరూ రెండేసి కిలోలు పెరిగారు. ఇంద్రసేన ప్రతి ఒక్కరికీ 'తర్ఫీదు పొందిన యాత్రికులు' అన్న గుర్తింపు కార్డు మెడలో వేశాడు. అందులో యాత్రికుడి ఫోటో చిన్నది, ఇంద్రసేనది పెద్దది.

బెంగళూరు దాకా బస్సు, అక్కడినుంచి రెండు విమానాలు. మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. యొర్దాను నదిలో యూనీస్ చీలమండల దాకా దిగి, చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఆమె పెదవులు కదలడం సాలొమోను గట్టు మీదినుంచి చూశాడు. వదిన గురించీ శుభలేఖ గురించీ ఆమె అప్పుడు తలచుకోవడం లేదని ఆయనకు తెలిసింది. ఆమెను ఆపలేకపోయినందుకు మొదటిసారి సంతోషించాడు. అదే నిమిషంలో అందరి బ్యాగుల బరువూ నది గట్టు జారుడూ గమనించి, మూడు హెచ్చరికలు చేశాడు. ఎవరూ వినలేదు.

మూడో రోజు పొద్దున, సరస్సు పక్కనున్న చిన్న ఊళ్ళో, హోటల్ ముంగిట బస్సు కోసం నిలబడి ఉండగా సైరన్ మోగింది. అది ఫోన్లోది కాదు. ఆకాశమంతా మోగింది. వీధిలో కార్లు ఆగిపోయాయి. వాటిలోని జనం దిగి పరుగెత్తారు. హోటల్ మేనేజరు బయటికి వచ్చి అందరినీ లోపలికి పిలవబోయేసరికి, కుడతిని యాత్రికులు ముంగిట లేరు. మెట్ల కింది కాంక్రీటు గదిలో, గోడ వెంబడి బాసిపట్లు వేసుకుని, వరసలో కూర్చుని, ఒళ్ళో చేతిరుమాళ్ళు పరుచుకుని ఉన్నారు. మిగతా దేశాల యాత్రికులు ఒక్కరొక్కరుగా ఆయాసపడుతూ వచ్చి చేరుతున్నారు. ఇనుప తలుపు మూశారు.

"బజ్జీ యాడన్నా?" అని యేసుబాబు అడిగాడు.

సాలొమోను ఈ ఘడియ కోసమే బళ్ళారి నుంచి సంచీలో దాచి తెచ్చిన కరకరలాడే నిప్పట్లూ కారం బొరుగులూ తీశాడు. ఒక్కొక్కరి రుమాలులో లెక్క ప్రకారం పెట్టడం మొదలుపెట్టాడు. అప్పుడే ఎక్కడో పైన ఢామ్మన్నది. గోడ అదిరింది. దీపం ఒకసారి ఆరి వెలిగింది.

"గనుల్లో బ్లాస్టింగు గూడా ఇంత టయానికి పేల్దు," అని యేసుబాబు మెచ్చుకున్నాడు. "డ్రిల్లుకు ఇంత ఏర్పాటు చేసినావంటే ఊరికే గాదన్నా. ఈ దొరసాన్లకి గూడా చెప్పి పిలిపిచ్చినావా?"

అప్పుడు సాలొమోనుకు అర్థమైంది. తాను తప్ప ఆ పద్దెనిమిదిమందిలో ఒక్కరు కూడా ఇది నిజమైన సైరన్ అనుకోవడం లేదు. సైరన్ అంటే భోజనం, కాకుంటే సాలొమోను డ్రిల్. మూడోది వాళ్ళ జీవితంలో లేదు. నిజం చెబుదామని నోరు తెరిచాడు. చెబితే ఎవరి గుండె ఎలా కొట్టుకుంటుందో అని మూసుకున్నాడు.

ఎదురుగా ఒక స్థానికురాలు, పాతికేళ్ళుంటాయేమో, పసిబిడ్డను గుండెకు అదుముకుని, చప్పుడు రాకుండా ఏడుస్తోంది. బిడ్డ ఒక కాలికే మేజోడు ఉంది. రెండోది పరుగులో ఎక్కడో పడిపోయింది. యూనీస్ లేచి వెళ్ళి, బిడ్డ బోసికాలిని తన కొంగులో చుట్టి పట్టుకుని, తల్లి చేతిలో ఒక నిప్పట్టు పెట్టింది.

"ఈ బిడ్డతల్లి ఎందుకేడుస్తాంది?" అని భర్తను అడిగింది.

"డ్రిల్లు కొత్త," అన్నాడు సాలొమోను. ఆ బిడ్డకు, సరిహద్దు అవతల ఇలాంటి గది కూడా లేని ఇంకో బిడ్డకు, ఇద్దరికీ ఇది డ్రిల్ అయితే ఎంత బాగుండునో అని ఆయన ప్రార్థించాడు.

తలుపు తెరిచాక వాళ్ళను వెనకవైపు దారిన బయటికి నడిపించాడు. ముందువైపు, బస్సు నిలబడవలసిన చోట, ఆకాశం నుంచి పడిన నల్లటి ఇనుప చెక్క ఒకటి రోడ్డు మీద పొగలు కక్కుతోంది. పోలీసులు దాని చుట్టూ తాడు కడుతున్నారు. ఇంకో రెండు రోజుల్లో ఇంకో రెండుసార్లు సైరన్ మోగింది. రెండుసార్లూ కుడతినివాళ్ళే ముందు. హోటల్ మేనేజరు సాలొమోను చెయ్యి పట్టుకుని ఊపి, మీ దేశంలో ఇంత బాగా నేర్పుతారా అని అడిగాడు. అవునన్నాడు సాలొమోను. మన రాయబార కార్యాలయంవారు పౌరులు హెచ్చరికను తుచ తప్పకుండా పాటించారని నివేదిక పంపుకున్నారట. పద్దెనిమిదిమందిలో ఆ హెచ్చరిక చదివినవారు ఎవరూ లేరన్నది నివేదికలో రాయడానికి గడి లేదు.

క్షేమంగా తిరిగి వచ్చారు. కల్యాణ మండపంలో సన్మానం జరిగింది. యేసుబాబు శాలువా కప్పుకుని మాట్లాడాడు.

"పేపర్లో వచ్చేదంతా సుమ్నే, ఉత్త మాటలు. ఆడ యుద్ధం లేదు, ఏమీ లేదు. సాలొమోనన్నే మూడు తూర్లు డ్రిల్లు పెట్టినాడు. రెండో తూరి తినేదానికి గూడా సరిగా లేదు. గవర్నమెంటు వాళ్ళకి పనిల్యాక మనల్ని బెదరిస్తాండారు."

జనం నవ్వారు. ప్రభుత్వ హెచ్చరిక అబద్ధమని పద్దెనిమిదిమంది ప్రత్యక్ష సాక్షుల సమక్షంలో రుజువైంది. ఇంద్రసేన అక్కడికక్కడే రెండో యాత్ర ప్రకటించాడు. ఊళ్ళో ఒకేసారి ఇంతమంది యెరూషలేము యాత్రికులు పుట్టుకురావడంతో తన బిరుదు విలువ పడిపోయిందని బాధపడుతున్న జ్ఞానకుమారి, పేరుకు ముందు 'రెండు పర్యాయములు' అని వేసుకోవచ్చన్న ఆశతో మొదటి పేరిచ్చింది. అది చూసి యూనీస్ రెండో పేరిచ్చింది.

మరునాడు పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు సాలొమోను లోటా కింద పెట్టి, భార్యకు నిజం చెప్పాడు. మూడూ నిజమైన సైరన్లేనని, గోడ అదిరింది బ్లాస్టింగు కాదని, ఆ ఏడ్చిన తల్లికి డ్రిల్ కొత్త కాదని, మనం ఎక్కవలసిన బస్సు నిలిచే చోట ఇనుప చెక్క పడిందని, ఇంకో ఐదు నిమిషాలు అక్కడే నిలబడి ఉంటే దాని కింద మనమే ఉండేవాళ్ళమని. ఇంక పోవద్దని, నువ్వు కాక నాకెవరున్నారని, 'వలెను'లు లేకుండా, ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి అడిగాడు. ఆయన కళ్ళు తడిశాయి.

యూనీస్ కూడా లోటా పక్కన పెట్టింది. ఆమె మొహం వాడిపోయింది. ఎట్టకేలకు తన మాట తగిలిందని సాలొమోను అనుకున్నాడు.

"మొదట్నే చెప్పొచ్చు గదప్పా," అన్నది.

"చెప్తే నువ్వు భయపడతావని."

"భయమేంటికి? చెప్పింటే బయటికొచ్చి చూసుందుం గదా. అంత దూరం పోయి, మూడు తూర్లు పైన యుద్ధం జరుగుతాంటే, గోడకు మొగం పెట్టుకొని బొరుగులు తింటా కూర్చుంటిమి."

ఆమె కంఠంలో ఉన్నది నిజమైన దుఃఖం. పన్నెండున్నర సైరన్ మోగేలోపు ఆ దుఃఖం ఊరంతటిదీ అయింది. యేసుబాబు ఇంటికి వచ్చి, మామూలు మనిషిని మోసం చేసినట్టు చేశావన్నా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పాదిరిగారు, పైకప్పు మీదికి మెట్లున్నాయా ఆ హోటల్లో అని మాత్రం అడిగారు. రెండో యాత్ర జాబితా వారంలో అరవై దాటింది. మొదటి పద్దెనిమిదిమందీ ఉన్నారు. ఏనాడూ చర్చి గడప తొక్కని లారీ యజమానులున్నారు. బళ్ళారి సత్యనారాయణపేట నుంచి ఒక కుటుంబం, పిల్లలకు పరీక్షలున్నా ఫరవాలేదని, బైనాక్యులర్లు కొనుక్కుని సిద్ధమైంది. ఇంద్రసేన కొత్త కరపత్రంలో 'పైఅంతస్తు గదులు మాత్రమే' అని వేయించాడు. ఈలోగా ప్రభుత్వం రెండో హెచ్చరిక జారీ చేసింది. 'అత్యవసరమైతే తప్ప' అన్నది తీసేసి 'ఎట్టి పరిస్థితిలోనూ' అని చేర్చింది. ఆ రోజు ఒక్కరోజే ఇంకో పదకొండుమంది పేర్లిచ్చారు.

రెండో హెచ్చరికను కూడా తెలుగు చేయమని సాలొమోనునే అడిగారు. ఆయన కాగితం ముందు పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. 'ప్రాణాపాయము' అని రాసి కొట్టేశాడు. ఇంతవరకు ఆ మాటను చూసి వెనక్కి తగ్గినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని జ్ఞాపకం చేసుకున్నాడు. మూడో రోజు పొద్దున చర్చి తలుపు మీదా, ఇంద్రసేన ఆఫీసు మీదా, టీ కొట్ల మీదా ఒక కాగితం అంటించాడు.

'ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా: గత యాత్రలో మోగిన మూడు సైరన్లు నేను స్వయముగా ఏర్పాటు చేసిన డ్రిల్ సైరన్లే. ఇనుప చెక్క మొదలగునవి నా భార్యను ప్రయాణము మాన్పించుటకు చెప్పిన కల్పితములు. ఆ దేశములో చూడదగినది ఏమియు జరుగుట లేదు. ఇట్లు, సాలొమోను, భద్రతాధికారి.'

మధ్యాహ్నానికి జాబితాలోంచి నలభైమంది తప్పుకున్నారు. సాయంత్రానికి సత్యనారాయణపేటవాళ్ళు బైనాక్యులర్లు అంగడిలో తిరిగిచ్చేశారు. చివరికి, నిజంగా ప్రార్థన చేసుకోవడానికే పోదామనుకున్న ఇద్దరు ముసలమ్మలు మిగిలారు. ఇద్దరికోసం బస్సు తీయలేనని ఇంద్రసేన యాత్ర రద్దు చేశాడు.

ఆ మధ్యాహ్నమే యూనీస్ కూడా ఒక కాగితం చించి తెచ్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివింది.

"నిజమేనా ఇది?"

"నిజమే," అన్నాడు సాలొమోను, ఆమె మొహంలోకి చూడకుండా.

"ఆ పొద్దు నువ్వు ఏడ్చింది?"

"నువ్వు నమ్మల్లని."

ఆమె కళ్ళజోడు తీసి, మడిచి పెట్టింది. "అట్లనిపించింది నాకు. నిజమైతే నువ్వు అంత నెమ్మదిగా బొరుగులు పంచుందువా," అని, జాబితాలోంచి తన పేరు కొట్టేయమని ఇంద్రసేనకు ఫోన్ చేయడానికి లోపలికి పోయింది.

ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలోనూ ఆ తర్వాతా సాలొమోను సంతకం పెట్టిన మొదటి అబద్ధం అది. మా ఊరు పాటించిన మొదటి హెచ్చరిక కూడా అదే.